తుమ్ములకూ డస్ట్ ఎలర్జీకీ అల్లం, శొంఠి: తరచుగా అడిగే ప్రశ్నలు

అల్లం అంటే నాకు తెలియదా, బెల్లంలాగా పుల్లగా ఉంటుంది అన్నాడట వెనకటికొకడు. ఎలర్జీకి అల్లం వైద్యం చెప్పేవాళ్ళలో సగంమంది ఆ బాపతే. నేను డాక్టర్‌ని కాదు, ఏళ్ళ తరబడి డస్ట్ ఎలర్జీతో వేగుతున్న మనిషిని. పొద్దున లేవగానే వరసపెట్టి పది పన్నెండు తుమ్ములు తుమ్మితేగాని నాకు తెల్లవారదు. ఇంట్లో అమ్మ శొంఠి డబ్బా, నా టేబుల్ మీద ముక్కు స్ప్రే, రెండూ పక్కపక్కనే ఉంటాయి. తెలిసినవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అసలు అల్లంతో ఎలర్జీ పోతుందా?

పోదు. మీ ఒంటికి దుమ్మో పుప్పొడో పడదు అంటే, ఎన్ని గ్లాసుల కషాయం తాగినా ఆ పడకపోవడం అలాగే ఉంటుంది. అయితే ముక్కు కారడం, దిబ్బడ, గొంతు గరగర లాంటి ఇబ్బందులు కొంతమందికి కొంతమేర తగ్గుతాయి. "పోతుంది"కీ "కాస్త తగ్గుతుంది"కీ ఉన్న తేడా చెప్పకుండా వీడియోలు చేసేవాళ్ళంటే నాకు మంట.

అల్లం ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుంది?

ముందు ఎలర్జీ సంగతి. మామూలుగా ఏ హానీ చేయని దుమ్మును మన రోగనిరోధక వ్యవస్థ శత్రువు అనుకుని ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసి పెట్టుకుంటుంది. అవి ముక్కు లోపలి పొరలో ఉండే మాస్ట్ కణాలకు అంటుకుని కాచుకుని కూర్చుంటాయి. మళ్ళీ అదే దుమ్ము తగిలిందా, ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని కుమ్మరిస్తాయి. తుమ్ములు, దురద, నీళ్ళు కారడం చాలావరకు దాని పనే. వెనకాలే ల్యూకోట్రైన్లు లాంటి ఇంకొన్ని రసాయనాలు వచ్చి ముక్కు లోపల వాపు తెస్తాయి, దాంతో దిబ్బడ.

సెట్రిజిన్ లాంటి మాత్ర హిస్టమిన్ కూర్చునే కుర్చీని ముందే ఆక్రమిస్తుంది. అల్లం అలా ఒక్కచోట గురిపెట్టి పనిచేసేది కాదు. అల్లంలో ఘాటునిచ్చే జింజెరాల్, శొంఠిలో ఎక్కువగా ఉండే షోగాల్ అనే పదార్థాలు వాపు తెచ్చే రసాయనాల తయారీని కొంత అణుస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. 2016లో జపాన్ పరిశోధకులు ఎలర్జీ తెప్పించిన ఎలుకలకు 2 శాతం అల్లం కలిపిన మేత పెడితే వాటి తుమ్ములు, ముక్కు రుద్దుకోవడం తగ్గాయి. అయితే ఎలుక తినే మేతలో 2 శాతం అంటే మన లెక్కలో చాలా ఎక్కువ, పెసరట్టు మీద అల్లం పచ్చడితో వచ్చేది కాదు.

మనుషుల మీద పరీక్షించారా, లేక అంతా అమ్మమ్మల మాటేనా?

పరీక్షించారు. థాయ్‌లాండ్‌లో చేసిన ఒక అధ్యయనం 2020లో అచ్చయింది. ముక్కు ఎలర్జీ ఉన్న 80 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజుకు 500 మిల్లీగ్రాముల అల్లం సారం, ఇంకో జట్టుకు సెట్రిజిన్ లాంటిదే అయిన లోరటడిన్ మాత్ర 10 మిల్లీగ్రాములది ఇచ్చి, 3 వారాలప్పుడూ 6 వారాలప్పుడూ చూశారు. ఇద్దరికీ ముక్కు బాధలు తగ్గాయి, రెంటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మాత్ర వేసుకున్నవాళ్ళతో పోలిస్తే అల్లం జట్టులో మత్తు, నీరసం, కళ్ళు తిరగడం తక్కువ, తేన్పులు మాత్రం ఎక్కువ.

వినడానికి బాగుంది కదా, అక్కడే ఆగండి. అందులో ఉత్తుత్తి మాత్ర వేసుకున్న మూడో జట్టు లేదు. అంటే 6 వారాలు గడిచేసరికి వాతావరణం మారో, మందు వేసుకుంటున్నామన్న ధైర్యంతోనో ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేం. పైగా వాళ్ళు వాడింది ఆల్కహాల్‌తో తీసిన చిక్కటి సారం, కాప్సూల్‌లో పెట్టినది. మన వంటింటి టీకీ దానికీ నేరుగా లంకె పెట్టడం కుదరదు. ఆ ఒక్క అధ్యయనం పట్టుకుని "మాత్రతో సమానం" అని ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఈ రెండో సగం ఎందుకో చెప్పరు.

నాది ఎలర్జీయా, జలుబా? ఎలా తెలుస్తుంది?

జలుబైతే వారం పది రోజుల్లో పోతుంది, ఒళ్ళు నొప్పులో కొద్దిపాటి జ్వరమో తోడుంటుంది, చీమిడి చిక్కబడుతుంది. ఎలర్జీకి జ్వరం రాదు. ముక్కులోంచి నీళ్ళలాంటి చీమిడి, కళ్ళు దురద, అంగిట్లో దురద. అన్నిటికన్నా పెద్ద గుర్తు ఏంటంటే ఒక పద్ధతిగా రావడం: బీరువా సర్దినప్పుడు, పక్క దులిపినప్పుడు, ఊరెళ్ళి మూసిన ఇల్లు తెరిచినప్పుడు, లేదా ఏటా అదే నెలలో. ఖాళీ స్థలాల్లో తెల్లపూలతో పెరిగే వయ్యారిభామ, రోడ్ల పక్కన సర్కారు తుమ్మ, ఇంట్లో బొద్దింకలు, పరుపుల్లో డస్ట్ మైట్లు అనే కంటికి కనిపించని పురుగులు మన దగ్గర మామూలుగా కనిపించే కారణాలు. దేనివల్లో ఊహించుకుంటూ కూర్చునేకన్నా చర్మం మీద గుచ్చి చేసే ప్రిక్ టెస్ట్ ఒకసారి చేయించుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. దానికి వెళ్ళే ముందు ఎలర్జీ మాత్రలు కొన్ని రోజులు ఆపమంటారు, ఎన్ని రోజులో వాళ్ళనే అడగండి.

పచ్చి అల్లం మంచిదా, శొంఠి మంచిదా?

రెండూ ఒకటే దుంప, కానీ ఒకటే సరుకు కాదు. ఎండేటప్పుడు జింజెరాల్‌లో కొంత షోగాల్‌గా మారుతుంది, దాని ఘాటు ఇంకా ఎక్కువ. అందుకే చిటికెడు శొంఠి గొంతులోకి దిగేటప్పుడు పచ్చి అల్లంకన్నా గట్టిగా తగులుతుంది. పచ్చి అల్లంలో దాదాపు 80 శాతం నీళ్ళే, కాబట్టి కిలో శొంఠి కావాలంటే నాలుగైదు కిలోల అల్లం ఎండాలి. పాతకాలం వాళ్ళు ఈ తేడా బాగా ఎరిగినవాళ్ళు: అరుగుదలకు, వాంతులకు పచ్చి అల్లం, కఫానికీ దగ్గుకూ శొంఠి. శొంఠి లేని కషాయం లేదు అనే సామెత ఊరికే పుట్టలేదు, సంస్కృతంలో దానికి విశ్వభేషజం అనే పేరు కూడా ఉంది. ఎలర్జీ విషయంలో ఈ రెండింటిలో ఏది మెరుగో మనుషుల మీద పక్కపక్కన పెట్టి తేల్చింది నేను చూడలేదు, నేనైతే చలికాలంలో శొంఠి, మిగతా రోజుల్లో పచ్చిది.

కషాయం మీరు ఎలా కాస్తారు?

బొటనవేలి మొదటి గణుపంత అల్లం ముక్క. తొక్క గీకి, రోట్లో కచ్చాపచ్చాగా నలగ్గొట్టాలి, మిక్సీ వద్దు, ముద్దయిపోయి వడకట్టేటప్పుడు ప్రాణం తీస్తుంది. గ్లాసున్నర నీళ్ళలో వేసి సన్నటి సెగ మీద గ్లాసు అయ్యేదాకా, అంటే సుమారు పది నిమిషాలు. నాలుగు మిరియాలు దంచి వేస్తే మంచిది, లేకపోయినా ఫరవాలేదు. దించి, నోరు కాలని వేడికి వచ్చాక కాస్త బెల్లమో తేనో కలిపి, గుక్కగుక్కగా తాగాలి. గటగటా తాగితే దీని సుఖం సగం పోయినట్టే. వేడి ఆవిరి ముక్కుకి తగలడం, గొంతు మీదుగా ఆ ఘాటు నిదానంగా దిగడం కూడా వైద్యంలో భాగమేనని నా నమ్మకం.

పచ్చి రసం తీసేవాళ్ళకి ఒక మాట. అల్లం తురిమి పిండి, ఆ రసాన్ని గిన్నెలో పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున తెల్లగా మడ్డి దిగుతుంది. మా అమ్మ అది సున్నం అని, తాగితే కడుపులో మంట అని, పైన తేటను మాత్రం వంచుకుని అడుగుది పారబోస్తుంది. అది సున్నం కాదు, దుంపలోని పిండిపదార్థం. ఆ మాట అమ్మకి చెప్పి చూశాను, నా ముఖం చూసి మళ్ళీ పారబోసింది. తేట తాగడం వల్ల నష్టమేమీ లేదు గనక నేనూ వాదన మానేశాను.

అల్లం టీ సరిపోదా? పైగా నేను చేస్తే పాలు విరుగుతున్నాయి.

టీ తాగితే హాయిగా ఉంటుంది, మందు అనుకోవడం ఎక్కువ. రోడ్డు మీద టీ బండి దగ్గర ఇరవై కప్పులకు ఒక్క ముక్క దంచి వేసేది ఎంతని. ఇక పాలు విరగడానికి కారణం, పచ్చి అల్లంలో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. మాంసానికి అల్లం పట్టిస్తే మెత్తబడేదీ దానివల్లే. గోరువెచ్చటి పాలలో పచ్చి అల్లం వేస్తే పాలు గడ్డకడతాయి. ముందు నీళ్ళలో అల్లం బాగా తెర్లనిచ్చి, ఆ తర్వాత పాలు పోయండి. మరిగితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, గొడవ ఉండదు.

పాలు తాగితే కఫం పెరుగుతుందంటారు, నిజమేనా? పాలు లాలాజలంతో కలిసి గొంతులో చిక్కగా అనిపిస్తాయి, అంతే. మీకు అది ఇబ్బందిగా ఉంటే మానేయండి.

రోజుకి ఎంత?

అన్ని రూపాల్లో కలిపి రోజుకి 4 గ్రాములు దాటొద్దని మామూలుగా చెబుతారు. శొంఠి పొడి అయితే అర చెంచా అంటే సుమారు 1 గ్రాము, అది చాలు. పచ్చి అల్లం రెండు చెంచాల తురుము దగ్గర ఆగండి. కూరల్లో పడేది వేరే లెక్క వేసుకోనక్కర్లేదు. ఎక్కువైతే మీకే తెలుస్తుంది: గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, కొందరికి విరేచనాలు. పరగడుపున తాగాలన్న నియమం ఎవరు పెట్టారో గాని, ఎసిడిటీ ఉన్నవాళ్ళు అలా తాగి నాశనమైపోతున్నారు, ఏదైనా తిన్నాకే తాగండి.

ఎన్ని రోజుల్లో తెలుస్తుంది?

గొంతు గరగర అరగంటలో సర్దుకుంటుంది. తుమ్ములు, దిబ్బడ సంగతి అయితే మూడు వారాలైనా విడవకుండా తాగితేగాని చెప్పలేం, ఆ మూడు వారాలూ కాగితం మీద రాసుకోండి, పొద్దున ఎన్ని తుమ్ములు, రాత్రి ముక్కు మూసుకుందా లేదా అని. మనకి గుర్తుండేది బాగున్న రోజులో బాగా లేని రోజులో, మధ్యవి మర్చిపోతాం. ఆరు వారాలైనా తేడా లేకపోతే మీకు పనిచేయట్లేదు, అంతే, అల్లాన్ని పచ్చడికి వాడుకోండి.

సెట్రిజిన్, స్ప్రే మానేసి అల్లం మీద ఉండొచ్చా?

ఎప్పుడో ఒకసారి తుమ్ములొచ్చేవాళ్ళయితే సరే, ముందు కషాయం చూసి తగ్గకపోతే మాత్ర వేసుకోండి. రోజూ ఇబ్బంది ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ చెప్పిన స్టెరాయిడ్ ముక్కు స్ప్రే మానొద్దు. స్టెరాయిడ్ అన్న మాటకి బెదిరిపోతారుగాని అది ముక్కు పొర మీదే పనిచేస్తుంది, ఒంట్లోకి చేరేది చాలా తక్కువ, దిబ్బడకి ఇంతవరకు ఉన్నవాటిలో బాగా పనిచేసేది అదే. భయపడాల్సింది ఇంకోదానికి: మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే, వేసిన నిమిషంలో ముక్కు తెరిపించే ఆక్సీమెటజోలిన్ రకం చుక్కలు. అవి ఐదు రోజులు మించి వాడితే, ఆపగానే ముక్కు మునుపటికన్నా బిగుసుకుంటుంది, మళ్ళీ వేస్తారు, మళ్ళీ బిగుసుకుంటుంది, వదిలించుకోవడం నరకం.

ఉబ్బసానికి పనికొస్తుందా?

ఇక్కడ జాగ్రత్త. షోగాల్, జింజెరాల్ శ్వాసనాళాల కండరాన్ని సడలిస్తాయని 2013లో అమెరికా పరిశోధకులు చూపించారు, కానీ అది గాజు పాత్రలో ఉంచిన కండరం ముక్క మీద. ఆయాసం వచ్చిన మనిషి మీద కాదు.

మా బంధువుల్లో ఒకాయన ఇన్‌హేలర్ అలవాటైపోతుందని ఎవరో చెబితే విని, అది అటక మీద పెట్టి, పొద్దున సాయంత్రం శొంఠి, మిరియాలు, పిప్పళ్ళ త్రికటుకం తేనెతో నాకడం మొదలుపెట్టాడు. రెండు నెలలు బాగానే ఉంది, చలి మొదలైంది, ఒక రాత్రి మాట పూర్తిచేయలేక ఒక్కో అక్షరానికీ ఊపిరి లాగుతుంటే అప్పుడు ఇంట్లోవాళ్ళు 108కి ఫోన్ చేశారు. బతికాడు. ఇప్పుడు త్రికటుకమూ ఉంది, ఇన్‌హేలరూ జేబులోనే ఉంది. పిల్లికూతలు, రాత్రి దగ్గు, ఛాతీ పట్టేయడం ఉన్నవాళ్ళు ఈ పేజీ వదిలేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

దద్దుర్లకు అల్లం బెల్లం తినమంటారు కదా?

పాత మందే. ఆయుర్వేదంలో శీతపిత్తానికి, అంటే ఈ దద్దుర్లకే, బెల్లం, అల్లం కలిపి ఇవ్వడం ఉంది. సమాన భాగాలు నూరి ఉసిరికాయంత ఉండ చేసి పెట్టేవాళ్ళు. పనిచేస్తుందని చెప్పే గట్టి పరిశోధన లేదు. ఒక చిక్కు ఉంది: అప్పుడప్పుడూ లేచే దద్దుర్లు ఏమీ చేయకపోయినా చాలాసార్లు కొన్ని గంటల్లో వాటంతటవే పోతాయి, కాబట్టి దేనివల్ల పోయాయో చెప్పడం కష్టం. పెదాలు, నాలుక, కళ్ళు వాస్తున్నా, గొంతు మారినా, ఊపిరి ఆడకపోయినా ఉండ నూరుతూ కూర్చోవద్దు. అది ప్రాణం మీదికొచ్చే ఎలర్జీ, అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాల్సిందే.

పిల్లలకి ఇవ్వొచ్చా?

ఏడాది లోపు పిల్లలకి తేనె అసలు నాకించొద్దు, బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, అమ్మమ్మలు కోప్పడినా సరే. కాస్త పెద్దపిల్లలకి రసంలోనో పాలలోనో చిటికెడు శొంఠి వంట లెక్కలో ఫరవాలేదు. మందు లెక్కలో ఇంత అని నేను చెప్పను.

గర్భిణులు, బాలింతలు?

వేవిళ్ళకి అల్లం మీద చాలా అధ్యయనాలు జరిగాయి, రోజుకి 1 గ్రాము శొంఠి వరకు వాడి చూశారు. అయినా మీ డాక్టరమ్మని అడక్కుండా కషాయాలు మొదలుపెట్టకండి, ముఖ్యంగా నెలలు నిండేటప్పుడు. బాలింతలకి శొంఠి పొడితో మొదటి ముద్ద పెట్టడం మన ఇళ్ళలో ఉన్నదే, ఆ మోతాదుతో గొడవ లేదు.

ఇంకెవరు జాగ్రత్తపడాలి?

రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, వార్ఫరిన్, ఎసినోకౌమరాల్, క్లోపిడోగ్రెల్ లాంటివి. అల్లం రక్తం గడ్డకట్టే తీరుని కొంచెం మార్చవచ్చు, రోజూ కషాయం తాగుతున్నారని మీ డాక్టర్‌కి తెలిసి ఉండాలి. ఆపరేషన్ ఉంటే ఒకటి రెండు వారాల ముందే ఆపండి. పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవాళ్ళు, షుగర్ మాత్రలు వాడేవాళ్ళు కూడా అడిగి మొదలుపెట్టాలి. షుగర్ ఉన్నవాళ్ళు బెల్లం, తేనె మందు కదా అని సడలింపు ఇచ్చుకోవద్దు.

వేడి చేయదూ?

ఒళ్ళు వెచ్చబడ్డట్టు, చెమట పట్టినట్టు అనిపిస్తుంది, ఘాటు చేసే పని అది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో కూర్చుని రోజుకి మూడు గ్లాసులు తాగమని నేను మాత్రం చెప్పను. ఎండాకాలంలో మజ్జిగలో చిన్న ముక్క దంచి వేసుకోండి.

ముక్కులో అల్లం రసం చుక్కలు వేయమని చూశాను...

వద్దు. వద్దే వద్దు. ఎలర్జీతో అప్పటికే వాచి ఉన్న పొర మీద కారం పోసినట్టు. ముక్కు కడుక్కోవాలంటే ఉప్పునీళ్ళు చాలు, అవి కూడా మరగకాచి చల్లార్చినవే, కుళాయి నీళ్ళు పనికిరావు. అరుదేగాని ఆ నీళ్ళలో మెదడుకి పాకే అమీబా ఉండొచ్చు.

అల్లమే పడకపోతే?

అరుదుగాని ఉంది. నోట్లో ఘాటు వేరు, ఎలర్జీ వేరు. తిన్నాక పెదాలు దురదపెట్టి వాస్తే, తొక్క తీసిన చేతుల మీద పొక్కులు లేస్తే, పొడి కొట్టేటప్పుడు ఆయాసం వస్తే మీకు పడట్లేదని అర్థం. శొంఠి కొట్టేటప్పుడు నాకు ఎటూ తుమ్ములొస్తాయి, కానీ అది ఘాటుకి ఎవరికైనా వచ్చేదే, ముక్కుకి గుడ్డ కట్టుకుంటాను.

బజార్లో ఏది కొనాలి?

పగలగొడితే టక్కున విరిగి, లోపల లేత పసుపుగా, నార తక్కువగా, వాసన గుప్పున వచ్చే అల్లం. మా వైపు జహీరాబాద్ అల్లం బాగా వస్తుంది. శొంఠి కొమ్ములు మరీ తెల్లగా ఉంటే సున్నం పట్టించినవి, కొద్దిగా బూడిద రంగులో ముడతలు పడ్డవి తీసుకుని ఇంట్లో పొడి కొట్టుకోండి. ప్యాకెట్ అల్లంవెల్లుల్లి పేస్టుతో కషాయం చేసుకునేవాళ్ళని కూడా చూశాను, అందులో ఉప్పు, నూనె, నిల్వకి కలిపేవి ఉంటాయి, ఇక హైదరాబాద్‌లో కల్తీ పేస్ట్ తయారీ మీద పోలీసు దాడుల వార్తలు చదివాక దాన్ని కూరలో వేయడానికే నాకు మనసొప్పట్లేదు. కాప్సూల్స్ కొంటే డబ్బా మీద ఎన్ని మిల్లీగ్రాములో, పొడా సారమా అన్నది చూడండి, రెండూ ఒకటి కావు.

అమెరికా వచ్చాకే నాకు ఎలర్జీ మొదలైంది, ఇక్కడ పనిచేస్తుందా?

మా కజిన్ ఆస్టిన్‌లో ఉంటుంది, ఇక్కడున్నప్పుడు ఒక్క తుమ్ము తుమ్మి ఎరగదు. అక్కడ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సీడార్ చెట్ల పుప్పొడి, వసంతంలో ఓక్, ఆగస్టు నుంచి రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క. కొత్త పుప్పొడికి ఒళ్ళు అలవాటుపడి తిరగబడడానికి ఒకటి రెండేళ్ళు పడుతుంది, అందుకే వెళ్ళగానే కాకుండా మూడో ఏడు మొదలైంది అంటుంటారు. అల్లం అక్కడైనా ఇంతే చేస్తుంది. పుప్పొడి ఎక్కువున్న రోజు కిటికీలు మూసి, బయటినుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చడం అంతకన్నా ఎక్కువ పనిచేస్తుంది. సీజన్‌కి రెండు వారాల ముందే స్ప్రే మొదలుపెట్టమని అక్కడి డాక్టర్లు చెప్పేది వినండి.

మీకు అన్నిటికన్నా ఎక్కువ తేడా కనిపించింది దేనితో?

నిజం చెప్పాలంటే అల్లంతో కాదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకడం, దూది పరుపుకి జిప్పు కవరు తొడగడం, చీపురు బదులు తడిగుడ్డ, పడకగదిలోంచి పాత పుస్తకాల అట్టపెట్టెలు బయటికి పంపడం. పన్నెండు తుమ్ములు నాలుగైదుకి దిగాయి. ఆ మిగిలిన నాలుగైదుకి కషాయం.

అల్లం మొలకలొచ్చింది, వాడొచ్చా?

వాడొచ్చు, మొలక తుంచేసి. కుండీలో పెడితే చెట్టు కూడా వస్తుంది. బూజు పట్టినది మాత్రం ఆ ముక్క కోసేసి మిగతాది వాడుకుందాం అనుకోకండి, మొత్తం పారేయండి, బూజు కూడా మన ముక్కుకి పడనివాటిలో ఒకటి. నేను ఒకసారి ఫ్రిజ్ అడుగు డబ్బాలో మర్చిపోయిన అల్లం పొట్లం విప్పి, దగ్గరగా పెట్టి వాసన చూశాను, ఆ రోజు సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉన్నాను.